చూపుడు బ్యాచ్

మా భూగర్భశాస్త్ర విభాగానికి ఒక లోపం ఉండేది. అక్కడ పాఠాలు జరిగేవి.

అది లోపమని మాకు చాలాకాలం తెలియలేదు. విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం జనవరి చివర్లో వస్తోందని కబురందాక, నాణ్యతా విభాగం డైరెక్టర్ ప్రొఫెసర్ సత్యకీర్తి గారు ఒక్కో విభాగమూ తిరుగుతూ మా గది కిటికీ దగ్గర ఆగి, లోపలికి చూసి, "ఇంకా క్లాసులు పెడుతున్నారా?" అని అడిగినప్పుడు తెలిసింది.

లోపల పాఠం చెబుతున్నది మా విభాగాధిపతి కుళ్లాయప్ప గారు. అనంతపురం ఎండకు కమిలిన మొహం, ఎప్పుడూ దుమ్ము పట్టి ఉండే బూట్లు, సంచిలో రాళ్లు కొట్టే సుత్తి. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఆయన పేరు చాలామందికి తెలియదు. "నీళ్ల సారు" అంటే తెలుస్తుంది. ఎక్కడ బోరు వేస్తే నీళ్లు పడతాయో చెబుతారు గనక అలా పిలుస్తారు. నేను ఆయన దగ్గర అసిస్టెంట్ ప్రొఫెసర్ని.

"పరీక్షలు దగ్గరకొస్తాండాయి కద సార్," అన్నారు కుళ్లాయప్ప గారు బయటికొచ్చి. "సిలబస్ ఇంకా కాలేదు."

"సిలబస్ ఎప్పుడైనా అవుతుంది. విజిట్ ఐదేళ్లకొకసారి వస్తుంది. మనం ఎంత బాగా పాఠాలు చెబుతామో బృందం ముందు నిరూపించుకోవాలి. దానికి తయారీ కావాలి. తయారీకి సమయం కావాలి. పాఠాలు చెబుతూ కూర్చుంటే సమయం ఎక్కడిది చెప్పండి?"

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. 'బోధనా ప్రమాణాల సమున్నతి దృష్ట్యా, తదుపరి ఉత్తర్వుల వరకు బోధన నిలిపివేయడమైనది.'

మిగతా విభాగాలకు ఇందులో పెద్ద మార్పేమీ కనిపించలేదు. చిక్కంతా మాకే వచ్చింది. ఎందుకంటే అప్పటికే గువ్వలగుట్టపల్లి సర్పంచి ఓబుళమ్మ వచ్చి వెళ్లింది.

ఆమె ఊళ్లో బడి బోరు ఎండిపోయి, మరుగుదొడ్లకు నీళ్లు లేక ఆడపిల్లలు మధ్యాహ్నానికే ఇళ్లకు పోతున్నారు. కొందరు బడే మానేశారు. కొత్త బోరు మంజూరైంది. కానీ బోరు లారీ జనవరి ఆఖరి వారంలో ఒక్కసారే ఆ వైపు వస్తుంది. అప్పటికి చోటు చూపించకపోతే పక్క మండలానికి వెళ్లిపోతుంది.

"పోయినసారి టెంకాయ పట్టి చూసేవాని మాట విని చెడిపోయినాం సార్," అంది ఓబుళమ్మ, మా గదిలో బల్ల మీద కొంగు సర్దుకుని కూర్చుంటూ. "అరచేతిలో టెంకాయ నిలబడింది గానీ నేలలో నీళ్లు నిలబడలా. దుమ్ము లేసింది అంతే. ఈసారి మీరొచ్చి చూడల్ల."

"నేనొక్కణ్ణే కాదమ్మా, మా పిల్లోళ్లను గూడ తెస్తా. వాళ్లకు చదువు, మీకు నీళ్లు," అన్నారు కుళ్లాయప్ప గారు.

ఆ మాట ఇచ్చేసి, ఆఖరి సంవత్సరం పిల్లల్ని ఫీల్డుకు తీసుకెళ్లడానికి బస్సు కావాలని అడిగారు. సత్యకీర్తి గారు ఒప్పుకోలేదు. విజిట్‌కు ముందు క్యాంపస్‌లో 'విద్యార్థి చైతన్యం' కనబడాలన్నారు. విద్యార్థులు లేకుండా చైతన్యం ఎలా కనబడుతుంది? రోజూ ఉదయం వాళ్లు గ్రంథాలయం మెట్ల మీద పుస్తకాలు పట్టుకుని నవ్వుతూ దిగడం అభ్యాసం చేయాలి. ఎక్కడం అక్కర్లేదు, ఫోటోల్లో దిగడమే బాగా వస్తుంది.

అలా ఒక పదిహేను రోజులు దిగాక, నమూనా తనిఖీ జరిగింది. అసలు బృందం రాకముందు మనమే ఒక బృందాన్ని పిలిపించుకుని తనిఖీ చేయించుకోవడం ఇప్పుడు ఆచారం. డాక్టర్ భార్గవరామ్ అనే కన్సల్టెంటు వచ్చారు. మంచి సూటు. ఆయన మా ప్రయోగశాలలోకి వచ్చి, బల్ల మీదున్న రాయి ఒకటి తీసి, ఎదురుగా ఉన్న ఈశ్వరమ్మ చేతిలో పెట్టి, అదేమిటో చెప్పమన్నారు.

ఈశ్వరమ్మ మా ఆఖరి సంవత్సరం విద్యార్థిని. గొర్రెల కాపరుల ఇంటి పిల్ల. మాటలు తక్కువ. ఆ అమ్మాయి రాయిని కిటికీ వెలుగులో తిప్పి చూసింది, గోటితో గీకింది, తర్వాత నాలుకతో నాకింది.

"బంకమన్ను ఎక్కువ ఉండే రాయి సార్," అంది. "నాలిక్కి అంటుకుంటాంది."

భూగర్భశాస్త్రం చదివినవాళ్లందరూ అవసరమైతే ఈ పని చేస్తారు. తడిపితే రాయి రంగూ రవ్వలూ తేటగా కనిపిస్తాయి, బంకమన్ను ఉంటే నాలుక పట్టుకుంటుంది. కానీ భార్గవరామ్ గారు చదివింది మేనేజ్‌మెంటు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, బయటికి నడిచారు.

నమూనా నివేదికలో మా విభాగం గురించి ఒకే వాక్యం ఉంది. 'విద్యార్థులు ప్రయోగశాల సామగ్రిని తినుచున్నారు. తీవ్ర పోషకాహార లోపము.'

ఆ వారమంతా మా పిల్లలకు రోజూ వేరుశనగ చిక్కీలు పంచారు. పంచుతుండగా ఫోటోలు తీశారు. ఆ తర్వాత సత్యకీర్తి గారు కుళ్లాయప్ప గారిని తన గదికి పిలిపించారు. నేనూ వెంట వెళ్లాను.

"ఆ పాప చెప్పింది కరెక్టే సార్," అన్నారు కుళ్లాయప్ప గారు కూర్చోకముందే.

"కరెక్టా కాదా అన్నది విద్యాపరమైన విషయం. దాంట్లోకి నేను పోను. బృందం ముందు ఆ అమ్మాయి మళ్లీ ఏదైనా నాకితే విశ్వవిద్యాలయం గ్రేడు ఏమవుతుంది? పైగా మీ పిల్లలకు ఇంగ్లీషు రాదు. నా మాట వినండి. బృందం ఉండే మూడు రోజులకు మీ పిల్లల స్థానంలో ఇంగ్లీషు సాహిత్యం పిల్లల్ని కూర్చోబెడదాం. చూపడానికి ఒక బ్యాచ్, అంతే. మన విద్యార్థులే కదా, పరాయివాళ్లు కాదు."

"సార్, వాళ్లకు రాళ్ల గురించి ఏం తెలుసు?"

"ఏమీ తెలియదు. అందుకే ధైర్యంగా మాట్లాడతారు."

చూపుడు బ్యాచ్ అలా పుట్టింది. దానికి వేరే హాజరు పట్టీ, నీలం కోట్లు, మెడలో వేలాడే కార్డులు వచ్చాయి. మా పిల్లలు మెట్లు దిగడం మానేశారు. వాళ్ల బదులు వీళ్లు దిగసాగారు. ఇంకా బాగా దిగారు, ఒప్పుకోవాలి.

తర్వాత విభాగాధిపతి వంతు వచ్చింది. బృందం ముందు ప్రతి విభాగాధిపతీ తన 'విజన్' చెప్పాలి. కుళ్లాయప్ప గారిని అభ్యాసానికి నిలబెట్టారు.

"మీ విజన్ ఏమిటి?" అని అడిగారు సత్యకీర్తి గారు, బృందం అధ్యక్షుడిలా గొంతు మార్చి.

"నీళ్లు పడే చోటు చూపించేది సార్. పిల్లోళ్లకు ఆ పని నేర్పించేది."

"అది విజన్ కాదండీ. అది పని. విజన్ అంటే ఇంకా జరగనిది, జరిగిందా అని ఎవరూ అడగనిది."

కుళ్లాయప్ప గారికి ఎంత ఆలోచించినా జరగనిది ఒకటీ తోచలేదు. దాంతో విభాగాధిపతిని కూడా మార్చారు. ఇంగ్లీషు విభాగంలో ఆల్బర్ట్ జయకుమార్ గారని ఉన్నారు. నెరిసిన జుట్టు, గుడి గంటలాంటి గొంతు, నాటకాలు ఆడిన అనుభవం. పాపం, మంచి మనిషి. ఆజ్ఞ అందగానే నేరుగా కుళ్లాయప్ప గారి ఇంటికి వచ్చారు.

"నాకు చాలా సిగ్గుగా ఉంది సార్," అన్నారు. "కానీ నటించమన్నాక సరిగ్గా నటించకపోతే ఇంకా సిగ్గు. నాకు నాలుగు ముక్కలు నేర్పండి."

కుళ్లాయప్ప గారు నవ్వి, కాఫీ ఇప్పించి, గ్రానైట్ ఎలా పుడుతుందో చెప్పారు. లోపల కరిగిన రాయి పైకి రాకుండా, లక్షల ఏళ్లు మెల్లగా చల్లారితే గ్రానైట్. జయకుమార్ గారు కళ్లు మూసుకుని విన్నారు. "అంటే గ్రానైట్ అంటే ఓపిక," అన్నారు చివరికి. కుళ్లాయప్ప గారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఒక రకంగా అంతే సార్," అన్నారు. ఆ సాయంత్రం నుంచి జయకుమార్ గారు క్యాంపస్‌లో ఏ బండరాయి కనిపించినా చేయి ఆన్చి నిలబడటం మొదలుపెట్టారు.

ఇంతవరకూ కుళ్లాయప్ప గారు దేనికీ బాధపడినట్టు కనిపించలేదు. బాధపడింది రాళ్ల దగ్గర.

మా ప్రయోగశాలలో ఆయన ఉద్యోగమంతా తిరిగి ఏరిన రాళ్లుండేవి. కొన్ని ఇప్పుడు మళ్లీ దొరకవు, ఆ గుట్టలే లేవు, కంకరకు కొట్టేశారు. ప్రయోగశాలను 'ప్రకాశవంతం' చేయమని సత్యకీర్తి గారు ఒక కాంట్రాక్టరుకు అప్పగించారు. అతను మాకు చెప్పకుండా ఆదివారం వచ్చి, రాళ్లన్నిటినీ సబ్బుతో కడిగి, అంటించిన చీటీలు ఊడిపోతే తుడిచేసి, అన్నిటికీ వార్నిష్ పూసి, చిన్నవి ముందు పెద్దవి వెనక వరసగా పేర్చి వెళ్లాడు. సోమవారం వెళ్లి చూస్తే గది బంగారం కొట్టులా ఉంది. ఏ రాయి ఏదో తెలియడం లేదు.

కుళ్లాయప్ప గారు ఒకటి తీశారు. తిప్పి చూశారు. పెట్టేశారు. ఇంకొకటి తీశారు. గోటితో గీకితే వార్నిష్ పెచ్చు లేచింది గానీ రాయి బయటపడలేదు. ఈశ్వరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"సార్, గీకి చూస్తాం. మెల్లగా అన్నీ మళ్లీ కనుక్కుంటాం," అంది.

"కనుక్కుందాం లేమ్మా," అన్నారాయన. కానీ గదికి తాళం వేసి, బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. ఆయన చేతులు ఖాళీగా ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

విజిట్ ఇక రెండు రోజులుందనగా సత్యకీర్తి గారికి కొత్త చిక్కు తట్టింది. చూపుడు బ్యాచ్ సరే, అసలు బ్యాచ్ ఎక్కడుంటుంది? హాస్టల్లో ఉంటే బృందం హాస్టల్‌కి పోవచ్చు. క్యాంటీన్లో ఉంటే టీ తాగడానికి రావచ్చు. అసలు విభాగాధిపతి వరండాలో ఎదురైతే?

"మీరూ మీ పిల్లలూ ఆ మూడు రోజులు క్యాంపస్‌లో ఉండకూడదు," అన్నారు కుళ్లాయప్ప గారితో. "ఫోను సిగ్నల్ కూడా లేని చోటైతే మంచిది."

"పిల్లోళ్లను యాడికి తీసకపోదును సార్? బస్సు లేదు కద."

"బస్సు నేనిస్తాను. డీజిల్ ఎంతైనా కొట్టించుకోండి. ఎంత దూరమైతే అంత మంచిది. దీన్ని మనం 'మిగులు మానవ వనరుల తరలింపు' పద్దు కింద రాద్దాం."

కుళ్లాయప్ప గారు తల వంచుకుని కాసేపు నేల చూశారు. నవ్వు ఆపుకుంటున్నారని నాకు తెలుసు. "సరే సార్. పోతాం," అన్నారు.

తెల్లవారుజామునే బస్సులో, నేలలోకి కరెంటు పంపి లోపలి రాళ్ల జాడ చెప్పే రెసిస్టివిటీ మీటరు, ఉక్కు కడ్డీలు, వైర్ల చుట్టలు ఎక్కించుకుని మిగులు మానవ వనరులన్నీ గువ్వలగుట్టపల్లి వెళ్లిపోయాయి. విభాగంలో నిజం మనిషి ఒక్కడైనా ఉండాలని నన్ను అట్టిపెట్టారు. మంచినీళ్ల గదికి దారి చూపడం నా బాధ్యత.

బృందం దిగింది. అధ్యక్షుడు ఉత్తరాది నుంచి వచ్చిన తత్వశాస్త్రం ప్రొఫెసరు. రెండో సభ్యుడు కామర్స్. మూడో మనిషి భూగర్భశాస్త్ర నిపుణుడు అయి ఉండాలి గానీ, ఆయనకు ఆఖరి నిమిషంలో జ్వరం రావడంతో, అందుబాటులో ఉన్న గృహవిజ్ఞాన శాస్త్రం ప్రొఫెసరమ్మను పంపారు. అంటే వాళ్లూ చూపుడు బృందాన్నే పంపారన్నమాట. నాకు గుండె బరువు దిగింది.

జయకుమార్ గారు విజన్ చెప్పారు. భూమి మనిషికి తొలి గ్రంథమన్నారు. గ్రానైట్ ఓపిక అన్నారు. సున్నపురాయి త్యాగమన్నారు, అది ఆయన సొంతం. కామర్స్ ప్రొఫెసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

తర్వాత ప్రయోగశాల. అధ్యక్షుడు మెరుస్తున్న రాయి ఒకటి చేతిలోకి తీసుకుని, నీలం కోటు వేసుకున్న ఒక అమ్మాయిని, ఇదేమిటని ఇంగ్లీషులో అడిగారు. ఆ అమ్మాయి మెడలో కార్డు సవరించుకుంది. సత్యకీర్తి గారు గోడకు ఆనుకున్నారు.

"నైస్, సార్," అంది ఆ అమ్మాయి చివరికి, బాగుంది అనే అర్థంలో. "వెరీ నైస్."

నైస్ అనే పేరుగల రాయి నిజంగానే ఉంది. మా జిల్లాలో ఎక్కడ తవ్వినా అదే. అధ్యక్షుడు ఫోనులో చూసుకున్నారు. నైస్ అని రాయి ఉన్నట్టు, బొమ్మతో సహా అందులో ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆయన చేతిలోది నైసో కాదో చెప్పగలవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు. వార్నిష్ మూలంగా నేనూ చెప్పలేను.

ప్రొఫెసరమ్మ అన్ని రాళ్లూ చూసి, చాలా శుభ్రంగా ఉంచుకున్నారని మెచ్చుకున్నారు. ఆవిడ ఒక్కటే అడిగారు. "పిల్లల్ని బయటికి తీసుకెళ్తారా? రాళ్లు బయట కదా ఉంటాయి?"

సత్యకీర్తి గారు గోడ వదిలి ముందుకొచ్చి, "మేడమ్, మా దృక్పథంలో ప్రయోగశాలే క్షేత్రం, క్షేత్రమే ప్రయోగశాల," అన్నారు. అధ్యక్షుడు తత్వశాస్త్రం ఆయన గనక ఆ వాక్యం రాసుకున్నారు. ఆవిడ మాత్రం రాసుకోలేదు.

గువ్వలగుట్టపల్లిలో ఏం జరిగిందో తర్వాత ఈశ్వరమ్మే నాకు చెప్పింది.

బడి వెనక చేనుకు అడ్డంగా నేలలో నల్లరాతి గోడ ఒకటి పోతోందని మీటరు లెక్కల్లో తేలింది. పల్లపు వైపుకు జారిపోయే నీళ్లు అలాంటి గోడకు మీది వైపునే ఆగుతాయి. ఆ వైపున ఎక్కడ పొడవాలో చెప్పమని కుళ్లాయప్ప గారు పిల్లలకే వదిలేశారు. ఈశ్వరమ్మ ఒక చోట మడమతో గుర్తు పెట్టింది. మిగతావాళ్లు లెక్కలు సరిచూసి సరే అన్నారు. బోరు లారీ వచ్చి పని మొదలుపెట్టింది.

దుమ్ము లేచింది. చాలాసేపు దుమ్మే. ఊరు ఊరంతా చుట్టూ నిలబడి దుమ్ము తింటోంది. లారీ మేస్త్రీ ఇంజను తగ్గించి, "ఇంక లాభం లేదు సార్. ఎన్ని ఊర్లలో చూల్లేదు. బండి ఎత్తేస్తాం," అన్నాడు.

ఓబుళమ్మ కుళ్లాయప్ప గారి వైపు చూసింది. ఆయన ఈశ్వరమ్మ వైపు చూశారు. ఆ అమ్మాయి బోరు నోటి దగ్గరికి వెళ్లి, గుట్టపడిన రాతిపొడి పిడికెడు తీసి, అరచేతిలో పరిచి చూసింది. అంతకుముందు బూడిదరంగులో వచ్చిన పొడి కొంచెం ఎర్రబడింది. చిటికెడు నాలుక మీద వేసుకుంది.

"ఆ పాపకేమైంది?" అన్నాడు మేస్త్రీ.

"ఏం కాలా. అది చదువుతాంది, ఉండప్పా," అన్నారు కుళ్లాయప్ప గారు.

"రాయి మెత్తబడింది సార్," అంది ఈశ్వరమ్మ. "కుళ్లిన రాయి తగులుతాంది. పగులు దగ్గరపడింది. ఇంకొంచెం పోనీండి."

మేస్త్రీ సణుగుతూ ఇంజను పెంచాడు. కాసేపటికి దుమ్ము ఆగింది. తర్వాత తడి ముద్దలు వచ్చాయి. తర్వాత నీళ్లు వచ్చాయి, ముందు బురదగా, మెల్లగా తేటపడుతూ. ఎవరూ కేకలు వేయలేదట. ఓబుళమ్మ దోసిలి పట్టి, ఒక గుక్క తాగి, మిగతా నీళ్లు ఈశ్వరమ్మ మొహానికి కొట్టి, కొంగుతో దుమ్మంతా తుడిచిందట. "నాకు ఏడుపొచ్చింది సార్," అని చెప్పింది ఈశ్వరమ్మ, రాతి పేరు చెప్పినంత మామూలుగా.

నెల తిరక్కుండా ఫలితం వచ్చింది. విశ్వవిద్యాలయానికి అత్యున్నత గ్రేడు. క్యాంపస్ అంతా బ్యానర్లు కట్టారు. నివేదికలో భూగర్భశాస్త్రానికి ఒక పేరా నిండా ప్రశంసలున్నాయి. చివర్లో మాత్రం, ప్రొఫెసరమ్మ రాయించారు కాబోలు, ఒక లోపం ఉంది. 'క్షేత్ర పర్యటనలు జరుగుతున్నట్లు ఆధారాలు లేవు.'

కుళ్లాయప్ప గారికి మెమో వచ్చింది. తనిఖీ జరిగిన రోజుల్లో మీరు ఎక్కడ ఉన్నారు, క్షేత్ర పర్యటనలు ఎందుకు నిర్వహించలేదు, సంజాయిషీ ఇవ్వండి అని. ఆయన రాయకుండా నేరుగా సత్యకీర్తి గారి గదికి వెళ్లారు.

"ఆ మూడు దినాలు క్షేత్ర పర్యటనలోనే ఉండినాం సార్."

"ఆధారం?"

"బడి దగ్గర బోరు పోస్తాంది సార్. ఆడపిల్లోళ్లు బడికి వస్తాండారు."

"నీళ్లు ఆధారం కాదండీ. నీళ్లు ఎవరైనా పోయించొచ్చు," అన్నారు సత్యకీర్తి గారు ఓపిగ్గా. "బ్యానర్ పట్టుకుని ఫోటో దిగారా? లేదు. బస్సు పద్దు చూస్తే 'తరలింపు' అని ఉంది. తరలించబడినవారు పర్యటించినట్లు ఎలా రాస్తాం?"

లోపాన్ని సరిదిద్దడానికి పరిపాలనా భవనం వెనక ఒక క్షేత్రం కట్టించారు. లారీలతో రాళ్లు తెచ్చి పోయించి, చుట్టూ ప్రహరీ, ముందు గేటు, గేటు మీద 'భూవిజ్ఞాన క్షేత్రం' అని అక్షరాలు. రాళ్లకు వార్నిష్ పూశారు. చూపుడు బ్యాచ్ వారానికోసారి అక్కడ పర్యటిస్తుంది. జయకుమార్ గారు ముందు నడుస్తారు. ఆయనకు ఇప్పుడు విభాగాధిపతి పదవి ఖాయం చేశారు. కుళ్లాయప్ప గారు దీనికి అడ్డు చెప్పలేదు. ఒక్క కోరిక కోరారు. చూపుడు బ్యాచ్ క్యాంపస్‌లో ఉన్నంతకాలం, తక్కిన బ్యాచ్‌ను దూరంగా తరలించడానికి బస్సు శాశ్వతంగా కేటాయించాలని. ముందుచూపున్న కోరిక అని పాలకమండలి హర్షం వెలిబుచ్చి ఆమోదించింది. మీటరు, కడ్డీలు, సుత్తి ఇప్పుడు బస్సులోనే ఉంటాయి.

ఈ ఏడు అడ్మిషన్లలో రెండు బ్యాచ్‌లనూ విడివిడిగా ప్రకటించారు. మొన్న నేను కౌంటరు దగ్గర నిలబడి ఉండగా కల్యాణదుర్గం వైపు నుంచి ఒక రైతు కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. గుమాస్తా ఆ పిల్ల మార్కులు చూసి పెదవి విరిచాడు.

"చూపుడు బ్యాచ్‌లో సీట్లయిపోయినాయి పెద్దాయనా. ఉన్నా ఈ మార్కులకు రాదు."

"మరి ఎట్ల సామీ?" అన్నాడు రైతు దిగులుగా.

"ఏం చేస్తాం," అన్నాడు గుమాస్తా. "చదువుకోవాల్సిందే."